నలభై రెండు చేతిరాతలు

తుమ్ము వస్తోంది. రాకూడదు. షీబా ముక్కుని రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని, నోరు తెరిచి పై రేకుల కేసి చూసింది. రేకులో మేకు ఊడిన చోట చిన్న కన్నం, కన్నంలోంచి ఎండ, ఎండలో సుద్దపొడి. దాని వంక చూడకూడదు, చూస్తే తుమ్ము ఇంకా దగ్గరికొస్తుంది. కాళ్ళు విరిగిన బల్లలు, తోలు చిరిగిన బ్యాండు డప్పు, జనవరి ఇరవై ఆరుకి కట్టి విప్పిన రంగుకాగితాల తోరణాలు, వీటి వెనక గోడకి ఆనించిన పాత నల్లబల్ల, ఆ బల్ల వెనక బోర్లించిన బక్కెట్టు. బక్కెట్టు మీద తను. ఆయా లక్ష్మీనరసమ్మ చెయ్యి పట్టుకుని తెచ్చి మరీ కూర్చోబెట్టింది. "గంటే కదమ్మా, కూకో. మాటాడకు, దగ్గకు. ఆల్లు ఎల్లిపోగానే నానే వచ్చి తీస్తాను" అని, బయట గడియ వేసి, తాళం నొక్కకుండా ఊరికే తగిలించి పోయింది. తాళం కనపడితే ఈ గది ఎవరూ తెరవని గది అనుకుంటారట. అది స్కూలు కరస్పాండెంటు గణపతిరావు గారి ఆలోచన. బీయీడీ లేని టీచర్లు తనిఖీ రోజు బడిలో కనపడకూడదు. అలాంటి టీచర్లు ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళు హాయిగా ఇంట్లో పడుకున్నారు. షీబా అసలు టీచరే కాదు, డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఇంటర్న్. ఇంటికి పోదామంటే ఆమె ఇంటర్న్‌షిప్ ఫారం కింది అంతస్తు ఆఫీసులో, గణపతిరావు గారి సొరుగులో ఉంది. తుమ్ము వెళ్ళిపోయింది. కళ్ళలో నీళ్ళు మాత్రం మిగిలాయి.

గులాబిరంగు ఫారం. నూట ఇరవై గంటలు, నాలుగు క్రెడిట్లు. కింద గణపతిరావు గారి సంతకం, స్కూలు ముద్ర. ఈరోజు నాలుగున్నరకి విజయనగరంలో కాలేజీ ఆఫీసు మూసేలోగా ఆ కాగితం ఇవ్వాలి, ఇవ్వకపోతే నాలుగు క్రెడిట్లూ పోతాయి. అవి పోతే సెమిస్టరు మిగిలిపోతుంది, సెమిస్టరు మిగిలిన పిల్లకి హాస్టల్లో సీటు ఉంచరు, సీటు లేకపోతే ఇంక ఇంటికి, నౌపడ రైలెక్కడమే. వారం రోజులుగా ఆమె బుర్రలో ఇదే తిరుగుతోంది, ఒక కాగితం, దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇల్లు. పోయిన సోమవారం అడిగింది. అడిగింది అంటే, ఆయన బల్ల ముందు నిలబడింది. "ఫారమా? టీము వచ్చి ఎల్లిపోనీయమ్మా, పెట్టేస్తాను. సంతకం ఎంత సేపు?" అన్నాడాయన. ఆమె తల ఊపింది. ఎవరేమన్నా తల ఊపుతుంది. ఎందుకు ఊపావే అని తర్వాత డైరీలో రాసుకుంటుంది. డైరీ ఇంగ్లీషులో రాస్తుంది, ఇంట్లో ఎవరి చేతిలో పడినా చదవలేరని. ఇంగ్లీషు మీద ఇష్టం మొదలైందే అలా. దాక్కోడానికి అంత మంచి చోటు ఇంకొకటి దొరకలేదు.

కాలేజీలో మోహనకృష్ణ సారు నల్లబల్ల మీద నాలుగు అంకె పెద్దగా వేసి చుట్టూ గీత గీసిన రోజు గుర్తుంది. ఇంగ్లీషు చదివి ఏం చేస్తారని మిమ్మల్ని అందరూ అడుగుతారు కదా, ఇకనుంచి చూపించడానికి ఒక పని ఉంటుంది, పత్రికాఫీసో బడో కంపెనీయో వెళ్ళి పని చెయ్యండి, మార్కులు మేమిస్తాం అన్నారు. అందరూ నవ్వారు. ఆ సాయంత్రం నుంచే అందరూ పని వెతకడం మానేసి ముద్ర వెతకడం మొదలెట్టారు. ఎవరి మేనమామకి మందుల షాపుంది, ఎవరి పిన్ని భర్తకి ప్రెస్సుంది. తన క్లాసు మహతి తాతగారు వేంకటాచలం గారికి సంగీత పాఠశాల ఉంది, దానికో గుండ్రటి ముద్ర ఉంది. మహతి నూట ఇరవై గంటల దినచర్య ఒక్క మధ్యాహ్నం మంచం మీద బోర్లా పడుకుని రాసేసింది. రోజుకో రకంగా కనపడాలని అయిదు పెన్నులు మార్చింది. "నీకూ వేయిస్తానే షీబా, మా తాతగారేమీ అనరు. ఏ తేదీ కావాలంటే ఆ తేదీ" అంది. నిజంగా ప్రేమతోనే అంది. ఆరోజు మాత్రం షీబా తల ఊపలేదు. నీతి కోసం కాదు. ఒక గది నిండా పిల్లలు కూర్చుంటే, తను నిలబడి పైకి వినపడేలా ఇంగ్లీషు మాట్లాడాలని ఉండేది. ఒక్కసారైనా. ఆ కోరిక డైరీలో కూడా రాయలేదు, సిగ్గేసి.

రెండు వారాలు అది జరిగింది కూడా. పొద్దున్న రాయగడ వైపు వెళ్ళే పాసింజరెక్కి గజపతినగరంలో దిగడం, ఆరో తరగతి గదిలోకి వెళ్ళగానే ముప్పై గొంతులు లేచి గుడ్ మార్నింగ్ పాడటం, మొదటిరోజు కుర్చీ పట్టుకునే నిలబడటం, మూడోరోజు కుర్చీ వదిలెయ్యడం. నక్క కథ చెప్పింది, నక్కలా నడిచింది కూడా. ఒక పిల్ల ఇంటికెళ్ళేటప్పుడు ఆమె చేతిలో సగం తిన్న జామకాయ పెట్టి పారిపోయింది. ఆ రాత్రి డైరీలో నాలుగు పేజీలు. తర్వాత గణపతిరావు గారు ఆమె నల్లబల్ల మీద రాసిన అక్షరాలు చూశాడు. "ఏటమ్మా ఇది, చేతిరాతా, అచ్చా?" అన్నాడు. ఆమె సంతోషంతో తల దించుకుంది. ఆ తల దించుకున్నప్పుడే పడింది ఈ గడియ, బయట లక్ష్మీనరసమ్మ వేసినప్పుడు కాదు. మర్నాటి నుంచి ఆరో తరగతి లేదు. ఆఫీసు పక్క గదిలో ఇంగ్లీషుకి నలభై రెండు ఖాళీ పుస్తకాలు. పదో తరగతి పిల్లలకి పరీక్షలో ఎనభై మార్కులు, మిగతా ఇరవై స్కూలే వేస్తుంది, పిల్లలు ఏడాదంతా రాసిన ప్రాజెక్టు పుస్తకాలు చూసి. ఆ ఇరవై సరిగ్గా వేశారో లేదో చూడటానికే బయటినుంచి టీము వస్తుంది. ఈ బడిలో ఏడాదంతా ఎవరూ ఏమీ రాయలేదు. "పిల్లలు పరీక్షలకి చదువుకోవాలి కదమ్మా, వీటికి టైమెక్కడిది? నువ్వు రాసెయ్. ఒక్కో పుస్తకం ఒక్కో రాత. తప్పులు కూడా ఉండాలి, అందరూ తప్పుల్లేకుండా రాస్తే అనుమానం వస్తాది. మార్కులు తక్కువొచ్చే పిల్లకి ఎక్కువ తప్పులు పెట్టు." పాత పరీక్ష కాగితాల కట్ట ఇచ్చాడు, ఎవరి రాత ఎలా ఉంటుందో చూసుకోమని. ఆమె చూసింది. ఎవరు అక్షరాల్ని ముందుకి తోస్తారో, ఎవరు చుక్కకి బదులు సున్నా పెడతారో, ఎవరికి ఏ తప్పు అలవాటో. కొన్నిటికి ఎడమచేత్తో రాసింది. కొన్ని రైల్లో రాసింది, రైలు కుదుపే ఒక పిల్ల చేతిరాత అయింది. పది రోజుల్లో నలభై రెండుమంది చేతులు ఆమె చేతిలోకి వచ్చేశాయి. వాళ్ళ మొహాలు మాత్రం సరిగ్గా తెలియవు.

మెట్ల మీద బూట్లు. ఒకటి కాదు, నాలుగో అయిదో. షీబా ఊపిరి బిగపట్టింది. ఈ గదికీ పదో తరగతికీ మధ్య గోడ రేకుల దాకా వెళ్ళదు, జానెడు సందుంది, అవతల బెంచీలు జరిగిన చప్పుడు ఇటు తన మోకాలి పక్కన జరిగినట్టే ఉంది. గుడ్ మార్నింగ్ సార్. కూర్చోండి. గణపతిరావు గారి గొంతు తేనె పోసినట్టుంది. కాగితాలు తిరగేస్తున్నారు. సోషలు, సైన్సు. అందరూ ఒకటే రాశారేమండీ అని ఎవరో అన్నారు, ఒకటే పాఠం కదండీ అని గణపతిరావు గారు నవ్వారు. ఇంగ్లీషు రానీకు ప్రభువా, ఇంగ్లీషు కట్ట కింద ఉండిపోనీ. రెండో గొంతు, కాస్త వయసు మళ్ళిన గొంతు, నెమ్మదిగా, ఇది ఎవరి పుస్తకం అంది.

"బేబీ అంటే ఎవరమ్మా?"

"నానేనండి."

"ఆవిడేనండి బేబీ, అయిదున్నరడుగుల బేబీ" అని ఎవడో వెనక బెంచీ నుంచి అన్నాడు. గదంతా నవ్వు. "నోర్ముయ్ రా నీ మొహం" అన్న ఆ పిల్ల గొంతులో బెదురు లేదు. షీబాకి ఆ గొంతు తెలియదు, చెయ్యి తెలుసు. ఇరవై మూడో పుస్తకం. ముందుకి వాలిన రాత. నాలుగు తప్పులు. మీకు బాగా నచ్చిన మనిషి గురించి రాయండి అన్నది అంశం. అప్పటికే నర్సుల గురించి, సైనికుల గురించి, టీచర్ల గురించి ఇరవై రెండుసార్లు రాసి ఉంది. ఆమె దగ్గర మనుషులు అయిపోయారు. రైలు దారిలో ఆగి ఎంతకీ కదలటం లేదు. సంచిలో డైరీ ఉంది. తెరిచి, అమ్మ గురించి ఎప్పుడో రాసుకున్నది చూసి రాసేసింది, నాలుగు తప్పులు కలిపి.

ఆ పెద్దాయన చదువుతున్నాడు. ఒక్కో మాట దగ్గర ఆగి, ఇంగ్లీషు చదివి, తెలుగులో తనకే చెప్పుకుంటున్నట్టు. మా అమ్మ నౌపడ దగ్గర ఉప్పుమడుల్లో పని చేస్తుంది. ఉప్పు పండిందో లేదో అరికాలితో తొక్కి చెబుతుంది. ఎండాకాలం అమ్మ కాళ్ళు చీలమండల దాకా తెల్లగా ఉంటాయి. ఇంటికొస్తే ముందు కాళ్ళు కడుక్కుంటుంది, ఆ తర్వాతే నన్ను ముట్టుకుంటుంది. రాత్రి కూరలో ఉప్పు వేసుకోదు, పగలంతా తిన్నాను కదా అంటుంది. షీబా రెండు చేతులతో చెవులు మూసుకుంది. మూసుకున్నా వినపడుతోంది, అవి లోపలినుంచే వస్తున్న మాటలు కదా. తన వాక్యాలు ఇంతవరకూ ఎవరూ పైకి చదవలేదు. ఎంత బాగున్నాయి. ఆ బాగుండటానికి సిగ్గేసి వెంటనే ఏడుపొచ్చింది. అమ్మ ఇప్పుడు ఏం చేస్తుంటుంది, పన్నెండు కావస్తోంది, గొడుగు పుల్లలు నాటి దాని మీద పాత చీర కప్పిన నీడలో కూర్చుని గంజి తాగుతుంటుంది. ఒకసారి, ఎనిమిదో తరగతిలో, షీబా కూడా మడిలో దిగింది సెలవుల్లో. సాయంత్రానికి వేళ్ళ సందులు పగిలి మండుతుంటే అమ్మ కొబ్బరినూనె రాసి, "ఈ కాళ్ళు బల్ల కింద పెట్టుకుని కూకోవాలి నువ్వు, ఇక్కడ కాదు" అంది. బల్ల కింద. ఇప్పుడు నిజంగానే నల్లబల్ల వెనక కూర్చుంది, కాళ్ళు తిమ్మిరెక్కి.

"బాగా రాసేవమ్మా. గానీ ఉప్పుమడులేటి? గజపతినగరంలో సముద్రమెక్కడుంది?"

గణపతిరావు గారు దగ్గారు. షీబా మెడ వెనకనుంచి చెమట చుక్క వీపులోకి జారింది. ఇంత తప్పు ఎలా చేసింది? తప్పులు లెక్కపెట్టి మరీ పెట్టింది కదా, బేబీకి నాలుగు, వెనక బెంచీ వాళ్ళకి తొమ్మిదేసి. ఈ అయిదోది తెలియకుండానే వచ్చింది. ఉప్పు లేని ఊళ్ళో ఉప్పు పెట్టింది. ఎక్కడివాళ్ళయినా అమ్మ అంటే ఉప్పుమడిలోనే ఉంటుందనుకుంది ఆమె చెయ్యి.

"ఇక్కడ కాదండి" అంది బేబీ. "నౌపడ. రాసేను కదండి. మా అమ్మ అక్కడుంటాదండి. నాను మా మామ్మ దగ్గరుండి సదువుకుంటన్నాను."

"సెలవులకి వెళ్తావా?"

"ఎల్తానండి. కాళ్ళు కడుక్కుని వస్తాదండి ముందు. మొహం మీద మాత్రం సెయ్యి ఎయ్యదు, కళ్ళలో ఉప్పు పడతాదని. ఎనకనించొచ్చి జడ పట్టుకు లాగుతాదండి. అదే ముద్దు."

పుస్తకంలో అది లేదు. షీబా అమ్మ ఎప్పుడూ జడ పట్టుకు లాగలేదు. మరి ఎవరి అమ్మ లాగింది? గోడ అవతల ఆ పెద్దాయన, ఈ పిల్లకి ఇరవైకి పద్దెనిమిదే వేశారేమండీ అన్నాడు. "నాలుగు తప్పులున్నాయండి" అన్నారు గణపతిరావు గారు, ఇప్పుడు తేనె మళ్ళీ వచ్చింది గొంతులో. అందరూ నవ్వారు. ఈ పుస్తకం నేను తీసుకెళ్తాను, పై ఆఫీసులో చూపిస్తాను, అమ్మాయ్, నువ్వు ఒకసారి కిందికి రా, వివరాలు రాసుకోవాలి అన్నాడాయన. బూట్లు మెట్లు దిగాయి. కింద టీముకి పెట్టిన ఇడ్లీల వాసన వచ్చింది. పిల్లలు గోలగా బయటికి పోయారు. ఎవరో బెంచీ మీద దరువు వేశారు. అయిపోయింది, ఇంక పది నిమిషాలు. ఫారంలో ఒక పెట్టె ఖాళీగా ఉంది, ఈ ఇంటర్న్‌షిప్ ద్వారా ఏమి నేర్చుకున్నారు, పది పంక్తులు. రైల్లో రాసుకోవాలి. పిల్లల అవసరాలకి తగినట్టు రాయడం నేర్చుకున్నాను. నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం నేర్చుకున్నాను. ఒంటిగంట పది రైలు, రెండింటికి విజయనగరం, ఆటో, ఆఫీసు. సంతకం ఎంత సేపు.

గడియ కదిలింది. లక్ష్మీనరసమ్మ అనుకుని లేచేసరికి కాళ్ళు రెండూ తనవి కానట్టు మడతపడ్డాయి, నల్లబల్ల పట్టుకుంది. తలుపు సగం తెరుచుకుంది. వెలుగులో పొడుగాటి పిల్ల, రెండు జడలు, చేతిలో తాళం.

"మీరేనా రాసే మేడం?" అంది. "ఈ గదిలో దాసేరని లచ్చమ్మామ్మ సెప్పింది."

షీబా తల ఊపింది.

"మా అమ్మ సచ్చిపోనాదని మీకు తెలవదా?"

షీబా తెలియదన్నట్టు తల అడ్డంగా తిప్పింది.

"నాలుగేళ్ళయింది. అందరికీ తెలుసు. ఎవర్నడిగినా సెప్పుదురు." కోపంగా అనలేదు, చెప్పాల్సిన సంగతి చెప్పినట్టు అంది. "నిన్న పుస్తకం సేతికిచ్చి సూసుకోమన్నప్పుడు సింపేద్దామనుకున్నాను. మళ్ళీ సదివేను. ఆవిడ బాగుందిలెండి." తాళాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "ఇప్పుడు ఆ సారు కింద కూకుని అమ్మ పేరేటని అడుగుతన్నాడు. రాసుకుంటాడట. వచ్చే వారం టెక్కలి ఎల్తాడట, దారిలో నౌపడలో ఆగి మాటాడతాడట ఆవిడతోటి. మూత్రానికని సెప్పి వచ్చేను. ఏటి సెప్పమంటారు?"

తలుపు తెరిచే ఉంది. పది మెట్లు దిగితే ఆఫీసు. ఆ పెద్దాయన మంచివాడు, గొంతులోనే తెలుస్తోంది. సార్, ఆ పుస్తకం నేను రాశాను, నలభై రెండూ నేనే రాశాను. ఇంగ్లీషులో చెప్పొచ్చు, తెలుగులో చెప్పొచ్చు. చెబితే సొరుగులో కాగితం సొరుగులోనే ఉంటుంది. నలభై రెండుమందికీ ఇరవై మార్కులూ పోతాయి, అని ఆమె అనుకుంది, పిల్లల కోసమే ఆలోచిస్తున్నట్టు. కానీ అనుకుంటున్నప్పుడే తెలిసిపోయింది, తను ఆలోచిస్తున్నది పిల్లల గురించి కాదని, ఒంటిగంట పది రైలు గురించని. వచ్చే వారం ఆయన నిజంగా నౌపడలో దిగితే? మడి గట్టు మీద నిలబడి, నీ కూతురు బేబీ ఎంత బాగా రాసిందమ్మా అంటే? అమ్మ ఏమంటుంది? ముందు కాళ్ళు కడుక్కుంటుంది. సారు ఎదుట కూర్చోదు. బేబీ ఎవరు అంటుందా? లేక ఎవరి పిల్లైనా మెచ్చుకుంటుంటే కాదనడం ఎందుకని, తను తల ఊపినట్టే తల ఊపుతుందా? ఈ తల ఊపడం షీబాకి అమ్మ నుంచే వచ్చింది. ఒకవేళ ఆయన దిగకపోవచ్చు. పెద్దవాళ్ళు చాలా అంటారు, చెయ్యరు. దిగడు.

"మేడం, పిలుస్తారు మళ్ళీ. మా అమ్మ పేరు సెప్పనా? మీయమ్మ పేరు సెప్పనా? లేకపోతే మీరొస్తారా?"

మూడోది అడిగినప్పుడు ఆ పిల్ల పక్కకి జరిగి దారి ఇచ్చింది. వెలుగు ఆమె కాళ్ళ దాకా వచ్చింది. షీబా తన చెప్పుల వంక చూసుకుంది. సుద్దపొడిలో వేళ్ళు తెల్లగా ఉన్నాయి.

"మా అమ్మ పేరు చెప్పు" అంది. ఈరోజు నోరు తెరిచి అన్న మొదటి మాట అది, బొంగురుగా వచ్చింది.

"ఏటి పేరు?"

"అప్పలమ్మ."

బేబీ ఆమె వంక కాసేపు చూసింది. ఇంకేదో అంటుందేమోనని షీబా ఎదురుచూసింది. ఏదైనా అంటే బాగుండును, తిట్టినా బాగుండును. ఆ పిల్ల తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది, వెయ్యాలా వద్దా అన్నట్టు.

"గడియ పెట్టేసి వెళ్ళు" అంది షీబా.

తలుపు మూసుకుంది. గడియ పడింది, తాళం దానికి రెండుసార్లు తగిలి ఆగింది. షీబా వెనక్కి నడిచి, నల్లబల్ల వెనక, బక్కెట్టు మీద కూర్చుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. మెట్ల మీద బేబీ చెప్పులు టపటపలాడాయి. ఆ పిల్ల మరిచిపోకుండా పేరు అప్పచెప్పుకుంటూ దిగుతోంది, పాఠం వల్లె వేసినట్టు, మెట్టుకో మాట చొప్పున. అప్పలమ్మ. అప్పలమ్మ. అప్పలమ్మ. షీబా లెక్కపెడుతూ వింది. కింద మెట్టు దగ్గర ఆ గొంతు ఆగి, ఒకసారి ఊపిరి తీసుకుని, "మా అమ్మ పేరండీ" అంది.